దురద పోయింది, తామర మిగిలింది

"దాదా, దాద్‌కి మలాం ఉందా?"

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువారు ఇంట్లో 'తామర' అనే జబ్బును మందుల షాపు దగ్గరికి వెళ్లేసరికి 'దాద్' అంటారు. బెంగాలీలోనూ హిందీలోనూ దాని పేరు అదే. ఇందాలో అడిగినా, గోల్‌బజార్‌లో అడిగినా, ఇచ్ఛాపురంలోనో వరంగల్‌లోనో తెలుగులో అడిగినా తర్వాత జరిగేది సాధారణంగా ఒకటే. డాక్టర్ చీటీ ఉందా అన్న ప్రశ్న రాదు. ఒక ట్యూబు చేతికి వస్తుంది. రాసిన రెండో రోజుకే దురద తగ్గుతుంది, వారానికి ఎరుపు కూడా తగ్గుతుంది. జబ్బు పోయిందనుకుని ట్యూబు పక్కన పెడతారు. మూడు వారాలకు అదే చోట మచ్చ రెట్టింపై తిరిగి వస్తుంది. ఈసారి భార్యకో, పిల్లలకో కూడా కనిపిస్తుంది. మళ్లీ అదే షాపు, అదే ట్యూబు.

ప్రాణం తీసే జబ్బు కాదు కనుక దీన్ని ఎవరూ పెద్ద విషయంగా చూడరు. కానీ ఒకప్పుడు రెండు మూడు వారాల్లో తగ్గిపోయే తామర గత పదేళ్లలో దేశమంతటా నెలల తరబడి వేధించే జబ్బుగా మారింది. మందులకు లొంగని కొత్త రకం ఫంగస్ ఇక్కడ వ్యాపించి, న్యూయార్క్ దాకా వెళ్లింది. ఇలా మారడానికి రోగి శుభ్రత కారణం కాదు. కౌంటర్ మీద అమ్ముడయ్యే ఆ ట్యూబు పాత్ర చాలా ఉంది.

ఉంగరం ఎందుకు ఏర్పడుతుంది

తామర ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. చర్మం పైపొరలోనూ, జుట్టులోనూ, గోళ్లలోనూ ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ను తిని ఈ ఫంగస్ బతుకుతుంది. పడిన చోటి నుంచి చుట్టూ విస్తరిస్తుంది. శరీర రక్షణ వ్యవస్థ దానితో పోరాడుతున్నప్పుడు మధ్య భాగం కాస్త మానుతుంది, అంచు మాత్రం ఎర్రగా, పొలుసులతో, ఉబ్బెత్తుగా ఉంటుంది. ఉంగరం ఆకారం అలా వస్తుంది. గజ్జల్లో, నడుము చుట్టూ, చంకల్లో, రొమ్ముల కింద, పిరుదుల మీద, అంటే చెమట ఆరని చోట్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

మన మాటల్లో చర్మవ్యాధుల పేర్లు ఒకదానికొకటి కలిసిపోతుంటాయి. గజ్జి వేరు: అది చర్మంలోకి తొలిచే కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వస్తుంది, దురద రాత్రిపూట పెరుగుతుంది, వేళ్ల సందుల్లో పొక్కులు వస్తాయి. శోభి వేరు: అది కూడా ఫంగసే కానీ మరో జాతి, ఛాతీ మీదా వీపు మీదా తెల్లగానో గోధుమ రంగులోనో మచ్చలు వస్తాయి, దురద పెద్దగా ఉండదు. సోరియాసిస్ అసలు అంటువ్యాధే కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, స్పర్శ తెలియని మచ్చ ఉంటే అది కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. అలాంటి మచ్చ మీద తామర క్రీము రాసుకుంటూ కూర్చుంటే, పోయిన నెలల్లో నరాలు దెబ్బతింటాయి.

తేడా తేల్చడానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. మచ్చ అంచు నుంచి కొద్దిగా పొలుసు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. నిమిషాల్లో అయ్యే పని ఇది. అయినా ఇది మందుల షాపు కౌంటర్ మీద జరగదు కదా.

ట్యూబులో ఏముంది

చీటీ లేకుండా అమ్ముడయ్యే క్రీముల్లో చాలావాటిలో ఒక మందు ఉండదు, మూడు నాలుగు ఉంటాయి. ఫంగస్‌ను చంపే మందు ఒకటి, బ్యాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్ ఒకటో రెండో, వీటితో పాటు క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్. జబ్బు ఏమిటో తెలియకపోయినా ఏదో ఒకటి తగులుతుందన్న లెక్క అది.

దురదను రెండు రోజుల్లో తగ్గించేది స్టెరాయిడే. వాపును, ఎరుపును అది అణచివేస్తుంది. కానీ ఆ వాపూ ఎరుపూ ఫంగస్‌తో శరీరం చేస్తున్న పోరాటానికి గుర్తులు. పోరాటాన్ని ఆపేస్తే నొప్పి తెలియదు, శత్రువు మాత్రం లోపలే ఉంటాడు. పైగా అడ్డు లేక మరింత విస్తరిస్తాడు. క్రీము ఆపగానే దురద రెట్టింపుగా తిరిగి వస్తుంది. ఆ ఇబ్బందికి మళ్లీ అదే క్రీము రాయాలనిపిస్తుంది.

రెండో నష్టం రూపం మారిపోవడం. స్టెరాయిడ్ రాసిన తామరకు ఉంగరం అంచు చెరిగిపోతుంది, ఒక వలయంలో మరో వలయం ఏర్పడుతుంది, అనుభవం ఉన్న డాక్టర్ కూడా పొరబడేలా కనిపిస్తుంది. ఇలా ఆనవాలు దొరకని తామర గురించి వైద్యులు 1968లోనే రాశారు. ఇప్పుడు మన చర్మవ్యాధుల ఓపీల్లో అది రోజూ కనిపించే దృశ్యం.

మూడో నష్టం చర్మానికే. గజ్జల్లోనూ తొడల మీదా చర్మం పలచబడి చారలు పడతాయి. ఫంగస్ పోయినా ఆ చారలు పోవు. పసిపిల్లల్లో స్టెరాయిడ్ చర్మం గుండా రక్తంలోకి చేరే ప్రమాదమూ ఉంది. ముఖం మీద స్టెరాయిడ్ క్రీముల వాడకం గురించి దేశంలోని 12 చర్మవ్యాధి కేంద్రాల్లో జరిపిన అధ్యయనం 2011లో వెలువడింది. ముఖంపై సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ఇలాంటి క్రీములు వాడుతున్నట్టు అందులో తేలింది. తెల్లబడటానికి రాసుకునే క్రీము, తామరకు రాసుకునే క్రీము ఒకే కౌంటర్ నుంచి, ఒకే అలవాటుతో ఇంటికి వస్తున్నాయి.

మందుకు లొంగని ఫంగస్

తామరకు దశాబ్దాలుగా నమ్మకమైన మందు టెర్బినాఫిన్. ఫంగస్ తన కణత్వచానికి కావలసిన పదార్థాన్ని తయారు చేసుకోకుండా ఒక ఎంజైమును అడ్డుకుని ఇది పనిచేస్తుంది. ఆ ఎంజైము జన్యువులో మార్పు వచ్చిన ఫంగస్ మీద మందు పట్టు జారిపోతుంది. ఇప్పుడు మన దేశంలో జరుగుతున్నది అదే.

బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు 200 మంది తామర రోగులను నాలుగు సమాన బృందాలుగా విడదీసి, నాలుగు రకాల మాత్రలను పోల్చి చూశారు. ఫలితాలు 2020లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చాయి. ఎనిమిది వారాల చికిత్స తర్వాత ఇట్రాకొనజోల్ వాడినవారిలో 66 శాతం మందికి, ఫ్లూకొనజోల్ వాడినవారిలో 42 శాతం మందికి, టెర్బినాఫిన్ వాడినవారిలో 28 శాతం మందికి, గ్రీసియోఫుల్విన్ వాడినవారిలో 14 శాతం మందికి జబ్బు నయమైంది. అన్నిటికంటే బాగా పనిచేసిన మందు కూడా, రెండు నెలల తర్వాత, ముగ్గురిలో ఒకరిని నయం చేయలేకపోయింది. పాత పాఠ్యపుస్తకాల్లో రాసిన 'రెండు వారాల కోర్సు' ఇక ఎందుకు చాలదో ఈ నాలుగు అంకెలే చెబుతాయి.

అదే 2020లో జపాన్ పరిశోధకులు, తమ దేశంలో చికిత్స పొందిన భారత, నేపాల్ రోగుల నుంచి సేకరించిన ఫంగస్‌ను కొత్త జాతిగా గుర్తించి 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని పేరు పెట్టారు. 2023 మే నెలలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో ఈ ఫంగస్ కనిపించినట్టు ప్రకటించింది. అమెరికాలో నమోదైన తొలి కేసులు అవే. వారిలో ఒకరు బంగ్లాదేశ్ వెళ్లి వచ్చారు. రెండోవారు విదేశీ ప్రయాణమే చేయలేదు. అంటే ఫంగస్ అక్కడే మనిషి నుంచి మనిషికి పాకుతోందన్నమాట.

స్టెరాయిడ్ క్రీమే జన్యుమార్పును పుట్టించిందని అనలేం. వేడి, ఉక్కపోత, కిక్కిరిసిన ఇళ్లు, ఒంటికి అంటుకునే బట్టలు, మధ్యలో మానేసిన కోర్సులు, వీటన్నిటికీ పాత్ర ఉంది. కానీ ఫంగస్‌ను చంపకుండా దురదను మాత్రమే దాచే క్రీము రోగిని నెలల తరబడి ఇతరులకు అంటించేవాడిగా ఉంచుతుంది. సగం మోతాదు మందు రుచి చూసి బతికిన ఫంగస్‌కు అంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

చట్టం ఉంది, కౌంటర్ దగ్గర ఆగింది

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం సరికాదు. చర్మవ్యాధి నిపుణుల సంఘం ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చాక 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ల పైపూత మందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో శాస్త్రీయ ఆధారం లేని 328 మిశ్రమ మందులను నిషేధించింది. అందులో కొన్ని చర్మపు క్రీములూ ఉన్నాయి.

మరి కౌంటర్ మీద మార్పు ఎందుకు తక్కువగా కనిపిస్తోంది? మొదటి కారణం, మందుల నియంత్రణ కేంద్ర చట్టమే అయినా షాపులకు లైసెన్సు ఇవ్వడం, తనిఖీ చేయడం రాష్ట్రాల పని. వేల షాపులకు కొద్దిమంది ఇన్‌స్పెక్టర్లే ఉంటారు. రెండో కారణం, ఒక మిశ్రమాన్ని నిషేధిస్తే అందులో ఒక పాలు మార్చి కొత్త పేరుతో మరొకటి వస్తుంది. మూడో కారణం అసలైనది: చీటీ రాసే డాక్టర్ దగ్గరలో లేడు. చర్మవ్యాధి నిపుణుడి ఫీజు, ఒక రోజు కూలి, బస్సు చార్జీ కలిపితే ట్యూబు ఖరీదుకు ఎన్నో రెట్లు అవుతుంది. ఆ లెక్కలో షాపువాడే డాక్టర్, లేదంటే డిగ్రీ లేని ప్రాక్టీషనర్.

ఈ ప్రాక్టీషనర్ల విషయంలో పశ్చిమ బెంగాల్‌లోనే జరిగిన ఒక ప్రయోగం ఆలోచింపజేస్తుంది. బీర్భూమ్ జిల్లాలో 304 మంది డిగ్రీ లేని వైద్యులపై, వారిలో కొందరికి తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి జరిపిన అధ్యయనం 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ దాని రచయితల్లో ఒకరు. శిక్షణ పొందినవారు రోగాన్ని సరిగా గుర్తించి చూడటం మెరుగైంది. అనవసరమైన మందులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. తెలివి లేక ఇస్తున్నారనుకుంటే శిక్షణతో మారాలి. మారలేదంటే, మందు అమ్మితేనే ఆదాయం అన్న ఏర్పాటులోనే చిక్కు ఉందన్నమాట. తామర ట్యూబుకూ అదే వర్తిస్తుంది. షాపువాడికి పాఠం చెప్పడం ఒక్కటే సరిపోదు.

చాకలి మీద వేసిన నింద

ఈ జబ్బు చుట్టూ ఉన్న సిగ్గు కూడా షాపువాడికే లాభం. గజ్జల్లో వచ్చిన దురదను డాక్టర్‌కు చూపించడానికి మగవాళ్లు జంకుతారు, ఆడవాళ్లు అసలే చెప్పరు. 'శుభ్రంగా ఉండకపోతే వస్తుంది' అన్న మాట వినాల్సి వస్తుందేమోనని అందరికీ భయం.

ఆ నింద కొత్తది కాదు. వలస పాలన నాటి ఇంగ్లీషు వైద్యులు గజ్జల్లో వచ్చే తామరకు 'ధోబీ ఇచ్' అని పేరు పెట్టారు. సాహెబుల ఒంటి మీద దురదకు వారి బట్టలుతికే చాకలి కారణమన్న ఊహ ఆ పేరులో ఉంది. ఉక్కపోతలో బిగుతు దుస్తులు వేసుకున్నది దొర, పేరు పడింది చాకలికి. ఇప్పటికీ కొన్ని వైద్య గ్రంథాల్లో ఆ పేరు కనిపిస్తుంది.

నిజానికి రోజుకు రెండుసార్లు స్నానం చేసేవారికీ తామర వస్తుంది. స్నానం తర్వాత ఒళ్లు ఆరకుండానే బట్టలు వేసుకుంటే ఇంకా తేలిగ్గా వస్తుంది. సబ్బు ఎక్కువ రుద్దడం వల్ల ఫంగస్ చావదు, చర్మం మాత్రం దెబ్బతింటుంది. దీనికి కావలసింది పొడితనం, పూర్తి కోర్సు, ఇంటిల్లిపాదికీ ఒకేసారి చికిత్స.

చికిత్స అంటే ఎన్నాళ్లు

2018లో భారతీయ నిపుణులు ప్రచురించిన ఏకాభిప్రాయ సూచనల సారం సామాన్యులకూ పనికొస్తుంది. తొలిసారి వచ్చిన తామరకైనా చికిత్స కనీసం రెండు నుంచి నాలుగు వారాలు ఉండాలి, మొండి కేసులకు ఇంకా ఎక్కువ. మచ్చ కనిపించకుండా పోయాక కూడా మరో రెండు వారాలు కొనసాగించాలి. కంటికి మాయమైన చోట ఫంగస్ ఇంకా ఉండవచ్చు. క్రీమును మచ్చ మీదే కాక చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర రాయాలి, ఎందుకంటే ఫంగస్ కనిపించే అంచును దాటి ఉంటుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీము వాడకూడదు.

మాత్రలు మాత్రం డాక్టర్ పర్యవేక్షణలోనే. ఇట్రాకొనజోల్ గుండె బలహీనంగా ఉన్నవారికి ప్రమాదకరం, కొన్ని కొలెస్టరాల్ మందులతో పొసగదు, గర్భిణులు వాడకూడదు. సాధారణ క్యాప్సూల్‌ను భోజనంతో వేసుకోవాలి, గ్యాస్ మాత్రలతో కలిపితే ఒంటికి పట్టదు. షాపులో పక్కింటాయన చీటీ చూపించి కొనుక్కునే మందు కాదు.

ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. తువ్వాలు ఎవరిది వారికి ఉండాలి. తామర ఉన్నవారి లోదుస్తులు, లుంగీలు, దుప్పట్లు వేరుగా వేడినీళ్లలో ఉతికి, ఎండలో తిరగేసి ఆరేయాలి. వానాకాలంలో ఎండ లేకపోతే ఇస్త్రీ చేయాలి. తెలుగు ఇళ్లలో మరిచిపోయేది మొలతాడు. ఎప్పుడూ తడిగా నడుముకు అంటుకుని ఉండే ఆ దారంలో, మెడలోనో చేతికో కట్టిన తాయెత్తు దారంలో ఫంగస్ దాక్కుంటుంది. మందు వాడినన్నాళ్లూ దాన్ని తీసేయడమో, తరచు మార్చడమో చేయాలి. చీర కట్టేవారికి లంగా నాడా బిగిసే చోట కూడా ఇదే జాగ్రత్త. ఇంట్లో ఒక్కరే మందు వాడి మిగతావారు ఊరుకుంటే, నయమైనవారికి మళ్లీ అంటుతుంది.

నాటువైద్యం మాటేమిటని అడిగేవారుంటారు. తెలుగులో మెట్టతామర అనీ, బెంగాలీలో దాద్‌మర్దన్ అనీ పిలిచే చెట్టు ఆకును తామరకు నూరి పూయడం పాత అలవాటు. రెండు భాషల్లోనూ జబ్బు పేరే చెట్టుకు పెట్టుకున్నారు. ఫంగస్‌ను కొంత అడ్డుకునే గుణం ఆ ఆకులో ఉంది. కానీ ఒళ్లంతా పాకిన నేటి మొండి తామరకు ఆకు పసరు చాలదు. నిమ్మరసం, వెల్లుల్లి, బ్యాటరీ ఆమ్లం లాంటివి పూస్తే చర్మం కాలుతుంది, తామర పోదు.

రైల్వే ఊరికి ఉన్న వీలు

ఖరగ్‌పూర్ తెలుగువారి కథ రైలుతో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కూలీలు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు వచ్చి స్థిరపడ్డారు. తరాలు గడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఈ ఊరి తెలుగువారే ముఖ్య కారణం.

తామర విషయంలో ఈ ఊరికి కష్టమూ ఉంది, వీలూ ఉంది. కష్టం వాతావరణానిది, పనిది: సముద్రపు తేమ, చెమటలో తడిసే మందపాటి యూనిఫాం, వర్క్‌షాప్ వేడి, చిన్న క్వార్టర్లలో పెద్ద కుటుంబాలు. వీలు మరో ఊరికి దొరకనిది. ఉద్యోగికీ, కుటుంబానికీ, పెన్షనరుకూ రైల్వే ఆసుపత్రి వైద్యం చేస్తుంది. తామరకు ఇంటిల్లిపాదినీ ఒకేసారి చూడాలన్న సూత్రం కాగితం మీద రాసుకోవడం సులభం, అమలు చేయడం కష్టం. కుటుంబమంతా ఒకే రికార్డులో ఉన్న చోట అది సాధ్యమే. పొలుసు గీకి చూసే పరీక్షకు మైక్రోస్కోపు చాలు. ఒక నెలకు సరిపడా మందు ఒకేసారి ఇస్తే కోర్సు మధ్యలో ఆగదు.

కార్డు లేనివారి సంగతి వేరు. ఇందా చుట్టుపక్కల అద్దె ఇళ్లలో ఉండే కాంట్రాక్టు కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ప్రభుత్వ ఆసుపత్రి మీదే ఆధారపడాలి. అక్కడ స్టెరాయిడ్ లేని మామూలు ఫంగస్ క్రీము ఎప్పుడూ దొరికితే, షాపు ట్యూబుకు సగం గిరాకీ అక్కడే తగ్గుతుంది. చట్టాన్ని అమలు చేయడానికి అది తొలి మెట్టు. మంచి మందు అందుబాటులో పెట్టకుండా చెడ్డ మందును నిషేధిస్తే, అది చాటుగా అమ్ముడవుతుంది.

భాష సంగతీ ఉంది. ట్యూబు మీద స్టెరాయిడ్ పేరు చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. తెలుగుకు అధికార హోదా ఇచ్చిన రాష్ట్రంలో, ఆసుపత్రి గోడ మీద బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులో 'ఈ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంది, తామరకు రాయకండి' అని ఒక బోర్డు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో 19 పేర్లున్నాయి. వాటిలో తామర ఫంగస్ లేదు. మనుషుల్ని చంపేవాటికి ముందు చోటివ్వడం సహజమే. కానీ రాత్రి నిద్ర పోనివ్వని, నెల జీతంలో మందుల ఖర్చు తినే, పెళ్లి సంబంధం దగ్గర తలదించుకునేలా చేసే జబ్బు ఏ జాబితాలోనూ లేకపోతే దాని భారం ఎవరి లెక్కలోకీ రాదు. అలాంటి జబ్బుకు షాపు కౌంటరే ఆసుపత్రి అవుతుంది.

ఈసారి 'దాద్‌కి మలాం ఉందా' అని అడిగే ముందు ట్యూబు తిప్పి చూడాలి. పేరు చివర 'సోన్' అనో, 'క్లోబెటసాల్' అనో ఉంటే దాన్ని అక్కడే వదిలేయాలి. రెండు రోజుల్లో దురద తగ్గిస్తానన్న మందు కంటే, నాలుగు వారాలు పడుతుందని చెప్పే డాక్టర్‌నే నమ్మాలి.